సీ హారియర్ రెక్క ఎందుకు ఊడదీయాలి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "ఇంజనీరువి కదా, అభివృద్ధి గురించి మాట్లాడు" అన్నారు. అభివృద్ధి గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీదే నలుగురున్నారు. నేను ఈ బల్ల మీద ఉన్న విమానం గురించి చెబుతాను. దీన్ని చేయడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. పొద్దున్నించి దీని చుట్టూ మూగిన వాళ్ళందరూ రెండు మూడు ప్రశ్నలే అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి జవాబు చెప్పేస్తే భోజనాల దగ్గర ప్రశాంతంగా ఉంటుంది.

ఇది సీ హారియర్. మన నౌకాదళం వాడిన జెట్ యుద్ధ విమానం. 1/24 స్కేలు, అంటే అసలు విమానంలో 24 సెంటీమీటర్లు ఇక్కడ ఒక సెంటీమీటరు. అసలుది పద్నాలుగున్నర మీటర్ల పొడవు, ఇది 60 సెంటీమీటర్లు. రెక్కల కొస నుంచి కొసకు అసలుది 7.7 మీటర్లు, ఇది 32 సెంటీమీటర్లు. విశాఖ బీచ్ రోడ్డులో మీరంతా చూసిన టీయూ-142 చేయకూడదా అని ఒక మిత్రుడు అడిగాడు. దాని రెక్కలు 50 మీటర్లు. ఇదే స్కేలులో చేస్తే రెండు మీటర్లు దాటుతుంది. మన బడి తలుపుల్లోంచి రాదు.

సీ హారియరే ఎందుకంటే, అది మా క్లాసుతో పాటు ఈ దేశానికి పరిచయమైన విమానం. 1983 డిసెంబరు 16న మొదటి మూడు సీ హారియర్లు గోవాలో దిగాయి. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. మా నాన్న కె.కె. లైనులో గ్యాంగ్‌మన్. పేపరు మాకు రెండు రోజులు ఆలస్యంగా రైల్లో వచ్చేది. అందులో ఆ ఫొటో చూసి మా క్రాఫ్టు మాస్టారు కత్తిరించి గోడకు అతికించారు. రన్‌వే అక్కరలేకుండా నిలువుగా దిగే విమానం అని కింద రాసి ఉంది. మాకు నమ్మకం కలగలేదు. హెలికాప్టరుకు తలమీద రెక్క తిరుగుతుంది. దీనికి ఏమీ లేదే, మరి గాల్లో ఎలా నిలబడుతుంది? మాస్టారు జవాబు చెప్పలేదు. "బొమ్మ చేసి చూడండి, తెలుస్తుంది" అన్నారు. ఆయన అన్ని ప్రశ్నలకూ చెప్పే జవాబు అదే.

అప్పటికి మా దగ్గర ఉన్నది అంకుడు కర్ర. ఈ కొండల్లో పెరిగే చెట్టు. గిల్లితే పాలు కారతాయి, ఎండితే కర్ర తెల్లగా, నున్నగా, సన్నని పోగుతో ఉంటుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలన్నీ ఈ కర్రతోనే చేస్తారు. నేను నేరుగా కత్తి పట్టుకోబోతే మాస్టారు నా చెయ్యి పట్టుకుని, "ఒరే గుంటడా, కత్తి తరవాత, ముందు కాగితం తే" అన్నారు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, పక్కనుంచి ఎలా ఉంటుంది, ఎదురుగా ఎలా ఉంటుంది, మూడూ గీసిన వాడికే కర్ర ఇచ్చేవారు. తరవాత ఇంజనీరింగ్ కాలేజీలో డ్రాయింగ్ పేపరుకు మా బ్యాచ్‌లో సగం మంది భయపడ్డారు. నాకు అది క్రాఫ్టు పీరియడులాగే అనిపించింది. ఇక్కడ చదివిన వాళ్ళు కొందరు నవ్వుతున్నారు, వాళ్ళకూ అదే అనుభవం అనుకుంటాను.

ఉద్యోగంలో చేరాక ప్లాస్టిక్ కిట్లు కొనడం మొదలుపెట్టాను. ఎయిర్‌ఫిక్స్, టామియా లాంటి కంపెనీల డబ్బాలు. 1/72, 1/48 స్కేళ్ళలో ముక్కలు అచ్చుపోసి ఇస్తారు, మనం అతికించి రంగులు వేయాలి. సీ హారియర్ డబ్బాల మీద ఎక్కువగా బ్రిటిష్ వాళ్ళ బొమ్మే ఉంటుంది, ఎందుకంటే 1982లో ఫాక్లాండ్స్ యుద్ధంలో అవి పేరు తెచ్చుకున్నాయి. అప్పుడు అవి ఎగిరిన హెర్మిస్ నౌకే 1987లో మనకు విరాట్ అయింది. మన విమానం చేయాలంటే డబ్బాలో ఉన్నది కొంత పక్కన పెట్టాలి. కిట్‌లో రెక్కల కింద అమెరికన్ సైడ్‌వైండర్ క్షిపణులు ఇస్తారు. మన నేవీ వాడింది ఫ్రెంచివాళ్ళ మాత్రా మ్యాజిక్. వాటి రెక్కల ఆకారం వేరు. ఇంత చిన్నదాన్ని ఎవరు చూస్తారు అంటారా? చూసేవాళ్ళు చూస్తారు. అదీగాక, ఒకటి వదిలేస్తే రెండోది వదలడం సులభమవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, అది ఎలా నిలబడుతుంది అన్నది. పిల్లలు కాస్త ముందుకు రండి.

పిల్లనగ్రోవికి ఊదే రంధ్రం ఒకటే, గాలి పోయే రంధ్రాలు మాత్రం చాలా. సీ హారియర్‌లో ఒకే ఇంజిన్, పెగాసస్ దాని పేరు. మామూలు జెట్‌లో గాలి తోక వెంబడి పోతుంది. ఇందులో విమానం పక్కల రెండువైపులా రెండేసి, మొత్తం నాలుగు గొట్టాల్లోంచి పోతుంది. ముందు రెండింట్లోంచి ఫ్యాన్ నెట్టిన గాలి, వెనక రెండింట్లోంచి మండి వచ్చిన వాయువు. ఈ గొట్టాలు తిరుగుతాయి. వెనక్కి తిప్పితే విమానం ముందుకు పోతుంది. నేలవైపు తిప్పితే విమానం బరువంతా ఆ నాలుగు గాలి స్తంభాల మీద నిలబడుతుంది. తొంభై డిగ్రీలు దాటి ఇంకొంచెం ముందుకు కూడా తిరుగుతాయి, అది బ్రేకు. నాలుగింటినీ పైలట్ ఒకే ఒక లీవరుతో తిప్పుతాడు. లోపల గొలుసులు ఉంటాయి, సైకిల్ చైన్ల లాంటివే. ఈ మోడల్‌లో నేను సైకిల్ స్పోకులు వాడాను. అటుపక్క గొట్టానికీ ఇటుపక్క గొట్టానికీ మధ్య అడ్డంగా ఒక స్పోకు, ముందు స్పోకుకూ వెనక స్పోకుకూ మధ్య నూలుదారం. ఒకటి తిప్పండి, నాలుగూ తిరుగుతాయి. తిప్పు బాబూ, ఫరవాలేదు, విరగదు.

గాల్లో నిలబడ్డాక ఇంకో చిక్కు ఉంది. విమానం ముందుకు పోతుంటేనే తోక మీద, రెక్కల మీద ఉన్న పలకలు పనిచేస్తాయి, వాటికి ఎదురుగాలి కావాలి. నిలబడిపోతే గాలి లేదు, పలకలు దండగ. అందుకని ఇంజిన్ నుంచి కొంత గాలిని సన్నని గొట్టాల్లో ముక్కుకు, తోకకు, రెండు రెక్కల కొసలకు పంపుతారు. అక్కడ చిన్న కంతల్లోంచి ఉస్సుమని వదులుతూ సరిచేసుకుంటూ ఉంటారు. తీగ మీద నడిచే పిల్ల చేతిలో గడకర్ర అటూ ఇటూ కదిపినట్టు. రెక్క కొసన సూదితో పొడిచినట్టున్న ఈ చుక్క ఆ కంతే. మోడల్ మీద అర మిల్లీమీటరు. ఇది లేకపోతే ఆ విమానం సముద్రంలో పడుతుంది.

చక్రాలు చూడండి. ముక్కు కింద ఒకటి, పొట్ట కింద జంట. రెండూ ఒకే వరసలో, సైకిల్ లాగా. పక్కకు పడకుండా రెక్కల కొసల దగ్గర చిన్న చక్రాలు, పసిపిల్లల సైకిల్‌కు కట్టే పక్కచక్రాల్లాంటివి. ఎందుకిలా అంటే, పొట్ట పక్కల చోటంతా గొట్టాలే ఆక్రమించాయి, కాళ్ళు పెట్టడానికి జాగా లేదు.

ఇక నా ప్రసంగం పేరు దగ్గరికి వద్దాం. ఇంజిన్ విమానం నడిమధ్యలో ఉంది, రెక్క దాని నెత్తిమీద ఉంది. ఇంజిన్ బయటికి తీయాలంటే ముందు రెక్క మొత్తం ఊడదీయాలి. కొస నుంచి కొసదాకా ఒకే ముక్కగా పైకి ఎత్తాలి, పెట్టె మూత తీసినట్టు. నౌక మీద మెకానిక్‌లు ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. కానీ ఆ ఒక్క సంగతి తెలిస్తే ఆ విమానం ఎందుకు అలా ఉందో మొత్తం అర్థమవుతుంది. అందుకే నేను ఈ రెక్కను అతికించలేదు. రెండు అయస్కాంతాల మీద కూర్చోబెట్టాను. ఇదిగో, ఎత్తితే లోపల ఇంజిన్ కనబడుతుంది.

ఆ ఇంజిన్ నా పనితనం కాదు. ఏటికొప్పాకలో ఒక లేత్ పనివారు చేసి ఇచ్చారు. లేత్ మీద తిరుగుతున్న కర్రకు లక్క కణిక ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. గుండ్రంగా ఉన్నవన్నీ ఆయన దగ్గరే చేయించాను. ముక్కు, టైర్లు, ఇంధనపు ట్యాంకులు, క్షిపణులు. రెక్క మీది మూడు రంగుల గుర్తు కూడా రంగు వేసింది కాదు. పల్చని కర్ర బిళ్ళను లేత్ మీద పెట్టి బయట కాషాయం లక్క, నడుమ ఆకుపచ్చ లక్క పట్టించారు. మధ్యలో తెల్ల వలయం వట్టి అంకుడు కర్ర. "తెలుపు కోసం రంగెందుకు బాబూ, కర్రే తెల్లన కదా" అన్నారాయన. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత పొదుపైన డిజైను నేను అరుదుగా విన్నాను.

మిగిలినదంతా ఉలి, చిత్రిక, ఆకురాయి, గరుకు కాగితం. కర్రను ఏడాది ఆరబెట్టాను. రెక్కకు పోగు రెక్క పొడవునా ఉండేలా కోశాను. కర్ర తేమకు ఉబ్బేది పోగుకు అడ్డంగానే. పొడవునా దాదాపు కదలదు. విశాఖలో కోసిన ముక్కలను అక్కడే అతికించకుండా, అరకు తెచ్చి ఈ బడిలోనే రెండు నెలలు ఉంచాను. గాలికొండ మంచు, శ్రావణమాసపు ముసురు అలవాటు పడ్డాకే అతికించాను. రంగు మాత్రం ఎండ కాసిన రోజుల్లోనే వేశాను. మంచు పట్టిన పొద్దుట లక్కరు జాతి రంగు వేస్తే పాలు పోసినట్టు తెల్లబారుతుంది, ముక్క కర్ర మీద వేసి చూస్తే తెలిసింది.

కొలతల కోసం గోవాలో నౌకా విమాన మ్యూజియానికి రెండుసార్లు వెళ్ళాను. అక్కడ ఆరుబయట సీ హారియర్ నిలబెట్టి ఉంది. డ్రాయింగుల్లో దొరకనివి అక్కడ దొరికాయి. వెనక గొట్టాల వెనకాల పొట్టకు వేడి తగలకుండా వేసిన లోహపు రేకు ఒకటి. గాలి లోపలికి పీల్చే నోటి చుట్టూ ఉన్న చిన్న తలుపుల వరస మరొకటి. విమానం నెమ్మదిగా ఉన్నప్పుడు ఇంజిన్‌కు ఆ నోరు చాలదు. అందుకని ఈ తలుపులు లోపలికి తెరుచుకుని అదనపు గాలి ఇస్తాయి. వాటికి మోటారు లేదు, గాలి పీల్పుకే తెరుచుకుంటాయి. ఇంజిన్ ఆపి నిలబెట్టినప్పుడు ఏమవుతుంది? పైనున్న తలుపులు తమ బరువుకు లోపలికి వేలాడిపోతాయి, కిందివి తమ బరువుకే మూసుకుంటాయి.

ఈ తలుపులే నా మోడల్ రూపురేఖలు నిర్ణయించాయి. మొదట విరాట్ నౌక ముందు భాగంలా 12 డిగ్రీల వాలు పీఠం చేసి, దాని మీంచి విమానం లేస్తున్నట్టు పెట్టాలనుకున్నాను. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ అప్పుడు ఇంజిన్ నడుస్తుండాలి. ఇంజిన్ నడుస్తుంటే తలుపులన్నీ తెరుచుకోవాలి, లోపల పైలట్ ఉండాలి, రెక్క ఎత్తి ఇంజిన్ చూపించడం అర్థం లేని పని అవుతుంది. అందుకే ఆగి ఉన్న విమానం చేశాను. కాఫీ తోటలో గాలికి పడిపోయిన సిల్వర్ ఓక్ చెట్టు పలక మీద, ఇంజిన్ ఆపి, పై తలుపులు వేలాడుతూ.

కిందటేడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె, సగం అయిన మోడల్ చూసి, "ప్రమాదం వస్తే పైలట్ ఎలా బయటపడతాడండీ?" అని అడిగింది. ఆ అద్దం మీద వంకర గీతలు చూడండి. అది పగులు కాదు. అద్దానికి అంటించిన సన్నని పేలుడు తాడు. సీటు పైకి ఎగిరే ముందు అది పేలి అద్దాన్ని ముక్కలు చేస్తుంది. తెల్లదారం పోగును విడదీసి, ఒక్క పోగు అతికించాను. సీ హారియర్ నడపడం కష్టమైన విమానం. మన నౌకాదళం చాలా విమానాలనే కాదు, పైలట్లనూ పోగొట్టుకుంది. ఆ పిల్ల ప్రశ్నకు సమాధానం చెప్పినప్పుడు అది కూడా చెప్పాను. విమానం పక్కన పైలట్ పేరు రాసే చోటు ఖాళీగా వదిలేశాను.

కొన్ని చోట్ల స్కేలుకు నిజం చెప్పడం కుదరదు. రేకుకూ రేకుకూ మధ్య అసలు విమానంలో ఒక మిల్లీమీటరు సందు ఉందనుకోండి. ఇక్కడ అది 0.04 మిల్లీమీటరు. తలవెంట్రుక కన్నా సన్నం. అలా గీస్తే కనబడదు, కనబడేలా గీస్తే లావు. రంపం బ్లేడు ముక్కను సానబెట్టి వీలైనంత సన్నగా గీశాను, అంతే. బరువు సంగతి ఇంకా తమాషా. అసలు విమానం ఖాళీగా సుమారు 6,400 కిలోలు. కొలత 24వ వంతు అయితే బరువు 24ను మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే 13,824వ వంతు కావాలి. లెక్క కడితే దాదాపు 460 గ్రాములు రావాలి. ఇది తూస్తే 900 దాటింది. మంచి తేలిక కర్రతో చేసిన బొమ్మే అసలు యుద్ధ విమానం కన్నా బరువు! లోహం కదా విమానం బరువు అనుకుంటాం. అది దాదాపు అంతా గాలే, చుట్టూ పల్చటి రేకు. తొమ్మిదో తరగతి లెక్కల మాస్టారు ఈ లెక్క బోర్డు మీద చేయిస్తానన్నారు, సంతోషం.

తేజస్ ఎందుకు చేయలేదని మరో ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. తేజస్ రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ గారు ఈ తూర్పు కనుమల పక్కనే, బరంపురంలో పుట్టారు. తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేశారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది. దాని నౌకాదళ నమూనా 2020 జనవరిలో విక్రమాదిత్య మీద దిగింది. అది ఎగరకముందు దాని చిన్న చిన్న మోడళ్ళను బెంగుళూరులో గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు. మోడల్ అంటే ఆటబొమ్మ అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. కానీ తేజస్‌లో గొప్పతనం చాలావరకు కంటికి కనబడదు. కంప్యూటర్లలో ఉంది, కార్బన్ పీచు పొరల్లో ఉంది. సీ హారియర్ రహస్యం వేలితో తిప్పి చూడొచ్చు. తేజస్ తరవాత చేసేది, అది నేను చేయను, మీరు చేయాలి.

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే విషయం. ఈ మోడల్ కుడివైపు పూర్తయింది. బూడిద రంగు, తెల్ల పొట్ట, గీతలు, తోక మీద దూకుతున్న తెల్లపులి, అది ఆ దళం గుర్తు. ఎడమవైపు వట్టి కర్ర. పెన్సిలు గీతలు మాత్రమే ఉన్నాయి. కావాలనే అలా ఉంచాను. దీని మీద మన కమిటీలో పెద్ద చర్చే జరిగింది. ఒక మిత్రుడు, "అతిథులు వస్తారు, పని అవ్వలేదు అనుకుంటారు. అద్దాల పెట్టె చేయిద్దాం, కుడివైపు కనబడేలా పెడదాం" అన్నాడు. ఇంకొక మిత్రుడి మాట మరింత గట్టిది. "ఈ పిల్లలకు కావలసింది కంప్యూటర్లు. ఇంజనీరువై ఉండి ఉలి, గరుకు కాగితం తెస్తావేమిటి? కొండపిల్లలు కర్ర చెక్కుకోవాలనా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేనూ కొండపిల్లవాడినే. కంప్యూటర్లకు నా వంతు చందా నేనూ ఇచ్చాను. అయితే ఉద్యోగాలకు వచ్చే కుర్ర ఇంజనీర్లను ఇరవై ఏళ్ళుగా ఇంటర్వ్యూ చేస్తున్నాను. తెర మీద అద్భుతంగా గీస్తారు. ఆ గీసినదాన్ని ఎలా విప్పుతావు, లోపలి బోల్టుకు స్పానరు ఎలా పోతుంది అంటే చాలామంది ఆలోచనలో పడతారు. రెక్క ఎత్తకుండా ఇంజిన్ తీయలేమని వేళ్ళకు తెలిసిన పిల్లవాడు ఆ ప్రశ్న దగ్గర ఆగడు. నా అభిప్రాయం ఇది. కాదనేవాళ్ళు టీ దగ్గర నన్ను పట్టుకోండి, వాదిద్దాం.

మన క్రాఫ్టు గది చాలా ఏళ్ళుగా పాత పుస్తకాల గోదాము. క్రాఫ్టు పీరియడు టైంటేబుల్లోంచి ఎప్పుడో పోయింది. హెడ్ మాస్టారు గారు పెద్ద మనసుతో ఆ గది ఖాళీ చేయించారు. శనివారం మధ్యాహ్నాలు దాన్ని తెరవడానికి ఒప్పుకున్నారు. ముందు వరసలో కూర్చున్న మా క్రాఫ్టు మాస్టారికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. పొద్దున్న ఆయన చేతికి ఈ మోడల్ ఇచ్చాను. కుడివైపు తడిమారు, ఎడమవైపు తడిమారు. రంగు గురించి ఒక్క ముక్క అడగలేదు. ఎడమ రెక్క కింద వేలు పెట్టి, "ఇక్కడ ఇంకా వెంట్రుకవాసి దిగాలి. కుడిదానికీ దీనికీ తేడా ఉంది" అన్నారు. కాలిపరుతో కొలిచాం. అర మిల్లీమీటరు తేడా ఉంది. అది ఎడమవైపు పిల్లలు దించడానికి వదిలిన కర్రే, కానీ ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. శనివారాలు ఎవరైనా తీసుకొస్తే తానూ వస్తానన్నారు. బండి మీద తీసుకొచ్చే బాధ్యత 1991 బ్యాచ్ వాళ్ళు తీసుకున్నారు.

కాబట్టి అద్దాల పెట్టె వద్దు. వేదిక వెనక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉంది. అందులో పన్నెండు చిన్న ఉలులు, ఆకురాళ్ళు, సానబెట్టిన రంపం ముక్కలు, మూడు రకాల గరుకు కాగితం, మొగలి ఆకుల కట్ట, ఇంకో రెండు విమానాలకు సరిపడా ఆరిన అంకుడు కర్ర, గోవాలో తీసిన కొలతల నోటుబుక్కు పెట్టాను. తాళంచెవి డ్రాయింగు టీచరమ్మగారి దగ్గర ఉంటుంది. ఉలి పట్టే ముందు ప్రతి ఒక్కరూ మూడు బొమ్మలు గీయాలి, పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా. అది మాస్టారి షరతు. మొదటి శనివారం పని ఎడమవైపు గాలి తలుపులు. పైవి లోపలికి వేలాడాలి, కిందివి మూసి ఉండాలి. రంగు తెలుపు, డబ్బా ట్రంకులో అడుగున ఉంది. మంచు విడిచాకే మూత తీయండి.